దరఖాస్తులో చోటు లేని బిడ్డ

పెళ్లి చేసుకుని ఊరు వదిలిన స్త్రీని మనం వలస వెళ్లిందని అనం. కూలికి పోయిన మగవాడిది వలస. చదువుకో ఉద్యోగానికో పోయిన కుర్రవాడిది వలస. పుట్టింటిని వదిలి మెట్టినింటికి వెళ్లిన ఆడపిల్లది మాత్రం కాపురం. జనాభా లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. 2001లోనూ 2011లోనూ ఈ దేశంలో స్త్రీలు ఊరు మారడానికి చెప్పిన కారణాల్లో మొదటిది పెళ్లే. అయినా 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం మొదలుకుని, వలస మీద ప్రభుత్వం చేసిన ఆలోచనంతా కూలీ చుట్టూ తిరిగింది గాని కోడలి వైపు చూడలేదు.

కోడలు దాటింది ఊరి పొలిమేర అయితే ఈ లోటు పైకి కనపడదు. ఆమె దాటింది రాష్ట్రం ఎల్లో, దేశం ఎల్లో అయినప్పుడు కాగితాలు అడుగుతారు. మొదటి పెళ్లి బిడ్డను కూడా వెంట తెచ్చుకుంటే, ఆ బిడ్డను ఏ గడిలో రాయాలో కౌంటరు వెనకున్న ఉద్యోగికి తెలియదు. తండ్రి పేరు దగ్గర ఎవరిని రాయాలి? సంబంధం దగ్గర ఏమని రాయాలి? ఈ ప్రశ్నలు చాలా చిన్నవిగా కనిపిస్తాయి. ఆ బిడ్డ బియ్యం, బడి, స్కాలర్‌షిప్, రేపటి ఉద్యోగం అన్నీ ఆ గడి మీదే ఆధారపడి ఉన్నాయి. స్త్రీ గుర్తింపును భర్త మీద, బిడ్డ గుర్తింపును కన్నతండ్రి మీద నిలబెట్టే పద్ధతి ఎక్కడ ఉన్నా ఫలితం ఒకటే అని నా వాదన. ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఆ ఫలితం అన్నిచోట్ల కంటే కటువుగా కనిపిస్తుంది.

ముందు విదేశీ భార్య సంగతి చూద్దాం. పెళ్లి చేసుకుని వచ్చిన స్త్రీ విషయంలో మన చట్టం స్పష్టంగా మాట్లాడేది అక్కడే. భారత పౌరుడిని పెళ్లాడిన విదేశీయురాలు ఇక్కడ ఏడేళ్లు నివసిస్తే 1955 పౌరసత్వ చట్టం ఐదో సెక్షన్ కింద పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది వద్దనుకుంటే, పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిలిచాక విదేశీ భారతీయ పౌరురాలిగా కార్డు తీసుకోవచ్చు. ఆ పెళ్లి కోర్టులో రద్దయితే కార్డు రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. అంటే ఆమె ఈ దేశంలో ఉండే హక్కు పెళ్లి ఉన్నంతవరకే. ఇక ఆమె వెంట వచ్చిన బిడ్డ? ఆమె కొత్త భర్తకు ఆ బిడ్డ కన్నబిడ్డ కాదు. కాబట్టి భారత పౌరుడి సంతానానికి ఉన్న దారి ఆ బిడ్డకు లేదు. తల్లి పౌరురాలయ్యాక ఆమె మైనరు బిడ్డగా దరఖాస్తు పెట్టవచ్చు. అయితే తల్లికే ఏడేళ్లు పడుతుంది. పదకొండేళ్ల వయసులో వచ్చిన పిల్లకు ఆ ఏడేళ్లు గడిచేసరికి పద్దెనిమిది నిండుతాయి. మైనరు బిడ్డకున్న దారి అక్కడితో మూసుకుపోతుంది. ప్రత్యేక పరిస్థితుల్లో ఏ మైనరునైనా నమోదు చేసే అధికారం కేంద్ర ప్రభుత్వం దగ్గర ఉంది. అది ప్రభుత్వం దయ తలిస్తే దొరికేది, బిడ్డ అడిగి తీసుకోగల హక్కు కాదు. 1939, 1946 నాటి విదేశీయుల చట్టాలను తీసేసి 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త వలస, విదేశీయుల చట్టాన్ని అమల్లోకి తెచ్చారు. చట్టం మారినా ఈ బిడ్డ పరిస్థితి మారలేదు.

మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లిన అమెరికాలో ఈ విషయం కొంత వేరుగా ఉంది. అక్కడి వలస చట్టం బిడ్డ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే సవతి బిడ్డ కూడా ఉంది. ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లి జరిగి ఉండాలన్నది షరతు. అలాగని అక్కడి చట్టం స్త్రీకి మేలు చేస్తోందని అనుకోనక్కర్లేదు. దొంగపెళ్లిళ్లను ఆపాలని 1986లో చేసిన సవరణతో, పెళ్లయి రెండేళ్లు నిండని జంటకు ఇచ్చే నివాస హక్కు షరతులతో కూడినదైంది. రెండేళ్ల గడువు తీరే ముందు 90 రోజుల్లో ఆ షరతులు తీసేయమని భార్యాభర్తలు కలిసి సంతకం చేసి దరఖాస్తు పెట్టాలి. భర్త సంతకం పెట్టనంటే? కొట్టే భర్త చేతికి చట్టమే ఒక ఆయుధం ఇచ్చినట్టయింది. స్త్రీల సంఘాలు, వలస స్త్రీల న్యాయవాదులు పోరాడితేనే 1990లో, హింసకు గురైన భార్య ఒంటరిగా దరఖాస్తు పెట్టుకునే వెసులుబాటు వచ్చింది. 1994లో స్త్రీలపై హింస నిరోధక చట్టంతో, ఆమె భర్త ప్రమేయం లేకుండానే తన కోసం, తన బిడ్డల కోసం సొంతంగా అర్జీ పెట్టుకునే దారి ఏర్పడింది. మనకు ఇందులో పనికొచ్చే పాఠం ఒకటుంది. కాగితం ఎవరి సంతకం మీద ఆధారపడుతుందో, ఇంట్లో అధికారం వాళ్లదే అవుతుంది.

ఇక మన గడ్డకు వద్దాం. శబరి నది వెంట, రాష్ట్రం ఎల్లకు ఇవతల చింతూరు, అవతల కుంట. రెండూ భారతదేశమే. అవతలి నుంచి వచ్చిన స్త్రీకి వీసా అక్కర్లేదు, పోలీసుల దగ్గర విదేశీయురాలిగా నమోదు అక్కర్లేదు. రెండు ఒడ్డుల మీదా కోయ మాట వినిపిస్తుంది. సంతలు, జాతరలు, వియ్యాలు ఎన్నో తరాలుగా నది దాటుతూనే ఉన్నాయి. మధ్యలో గీతలు గీసింది ప్రభుత్వాలు. అవి కూడా ఒకచోట నిలవలేదు. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది, ఆ ఏడు ఖమ్మంలో కలిపారు. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను, భద్రాచలం మండలంలో పట్టణం తప్ప మిగిలిన భాగాన్ని, బూర్గంపాడులో కొంత భాగాన్ని ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక పక్క రాష్ట్రమైంది. 2016లో ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విడిపోయింది. అవతల దంతెవాడ నుంచి 2007లో బీజాపూర్, 2012లో సుక్మా జిల్లాలు విడిపోయాయి. భద్రాచలం పక్క గూడెం నుంచి కూనవరానికి 1995లో కోడలిగా వెళ్లిన స్త్రీ తన గడప దాటకుండానే 2014లో పరాయి రాష్ట్రపు కోడలైంది. సరిహద్దు ఎంత నిజమైనదో తెలియాలంటే ఆమె ఒక్కతె చాలు.

ఈ గీత మీద అసలు భారం 2005 తర్వాత పడింది. ఆ ఏడు జూన్‌లో దంతెవాడ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. ఒకపక్క జుడుం, పోలీసులు, మరోపక్క మావోయిస్టులు. ఊళ్లు తగలబడ్డాయి, జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తోలారు. శిబిరాలకు పోనివాళ్లు అడవిలోకి వెళ్లారు, లేదా గోదావరి, శబరి వైపు నడిచి వచ్చారు. ఆదివాసీ యువకుల చేతికి ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని నందినీ సుందర్ తదితరులు వేసిన కేసులో 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అప్పటికే చర్ల, దుమ్ముగూడెం, చింతూరు అడవుల్లో గుంపులు గుంపులుగా గుడిసెలు లేచాయి. అక్కడ మురియాలు అనిపించుకున్నవాళ్లు ఇక్కడ గుత్తికోయలయ్యారు. మిరపకాయ ఏరడానికి, తునికాకు కోయడానికి వాళ్లు కావాలి. ఓటరు జాబితాలోకి, రేషన్ జాబితాలోకి వచ్చేసరికి 'వలస ఆదివాసీలు'.

అవతలి స్త్రీకి ఇవతలి కోయ మగవాడితో మనువు కుదరడంలో వింత ఏమీ లేదు. భర్త చనిపోయినా, విడిచిపెట్టినా, తనే విడిచి వచ్చినా మారుమనువు కోయ సమాజంలో తప్పు కాదు. హిందూ వివాహ చట్టం, హిందూ దత్తత చట్టం కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించవు. కాబట్టి పెద్దల ఎదుట జరిగిన మనువు మనువే, పెద్దల ఎదుట తెంచుకున్నది తెగినట్టే. ఆచారంలో ఇంత సులువైనది ఆఫీసులో ఎందుకు ముడిపడుతుందో చూడాలంటే, అలా వచ్చిన ఒక తల్లి వెంట మనమూ నడిచి చూడాలి. ఈమె ఒక వ్యక్తి కాదు. చట్టాల్లో ఉన్న షరతులను వరసగా పేర్చితే ఎదురయ్యే మనిషి. కుంట వైపు నుంచి ఎనిమిదేళ్ల కూతురితో వచ్చింది. కూతురి తండ్రి చనిపోయాడు, మరణ ధ్రువపత్రం లేదు. ఇప్పటి భర్త దుమ్ముగూడెం వైపు కోయ.

మొదట బిడ్డ పుట్టుక. 1969 చట్టం ప్రకారం పుట్టుక నమోదు కావలసింది పుట్టిన చోటే. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అంటే తల్లి మళ్లీ నది దాటి, తను ప్రాణభయంతో వదిలి వచ్చిన ఊరి పేరు చెప్పి అక్కడ అర్జీ పెట్టాలి. 2023 సవరణ తర్వాత, ఆ ఏడు అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికి, ఓటుకు, పాస్‌పోర్టుకు, ప్రభుత్వ ఉద్యోగానికి పుట్టుక ధ్రువపత్రమే ప్రధాన ఆధారం. ఈ ఎనిమిదేళ్ల పిల్లకు ఆ నిబంధన వర్తించదు. ఈ తల్లి గుడిసెలో ఇప్పుడు పుట్టే బిడ్డలకు వర్తిస్తుంది. ఆస్పత్రిలో కాకుండా అడవి గుంపులో పుట్టి, ఎవరూ రాసుకోని బిడ్డకు ముందున్న దారి ఇంకా ఇరుకు కాబోతోంది.

తర్వాత ఆధార్. చట్టం దృష్టిలో 12 నెలల్లో 182 రోజులు ఈ దేశంలో ఉంటే చాలు, ఏ రాష్ట్రమన్నది ప్రశ్న కాదు. చిరునామాకు మాత్రం ఆధారం చూపాలి. ఉన్న ఆధారమల్లా భర్త పేరున. అవతల ఎప్పుడో ఇచ్చిన కార్డు ఉంటే దాని మీద పేరు నాగరి లిపిలో ఉంటుంది. అక్కడి 'మడ్కం' ఇక్కడ 'మడకం' అవుతుంది. ఒక్క అక్షరం తేడాకు కంప్యూటరు ఆమెను మరో మనిషిని చేస్తుంది. పక్కనే ఆమె మొదటి భర్త పేరు అచ్చై ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఇప్పటి పెళ్లికి రుజువు కావాలి. వివాహాల నమోదును తప్పనిసరి చేస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే చట్టం వచ్చింది. పెద్దల ఎదుట జరిగిన మనువును గూడెందాకా వచ్చి ఎవరు రాసుకున్నారు?

రేషన్ కార్డు విషయంలో ఒక విచిత్రం ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు దాటిన ఆడవాళ్లలో అందరికంటే పెద్దామె కార్డుకు కుటుంబ యజమాని. చట్టం ఆమెను యజమానురాలిని చేసింది. కానీ ఆ కార్డులోకి ఆమె పేరు ఎక్కడానికే భర్త కాగితం కావాలి. ఒకే దేశం ఒకే కార్డు పద్ధతిలో ఏ రాష్ట్రం కార్డుతోనైనా ఎక్కడైనా బియ్యం తీసుకోవచ్చు. ఛత్తీస్‌గఢ్ కూడా 2022 ఫిబ్రవరిలో ఆ పద్ధతిలో చేరింది. మంచిదే. అయితే అది కార్డు ఉన్నవాళ్లకు. ఊరితోపాటు కార్డు కూడా కాలిపోయినవాళ్లకు ఆ పద్ధతి వల్ల ఒరిగేది లేదు.

బడి విషయానికొస్తే, వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. కాబట్టి బడిలో చేర్చుకుంటారు. ఆశ్రమ పాఠశాల, హాస్టలు, పై చదువుల స్కాలర్‌షిప్ దగ్గరకు వచ్చేసరికి కులం కాగితం అడుగుతారు. అసలు చిక్కుముడి ఇక్కడే పడింది.

రాజ్యాంగంలోని 342వ అధికరణం కింద షెడ్యూల్డు తెగల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. ఒక రాష్ట్రంలో తెగగా గుర్తింపు ఉన్నవాళ్లు మరో రాష్ట్రానికి వలస వెళితే పాత రాష్ట్రంలోనే ఆ ప్రయోజనాలు పొందాలి గాని కొత్త రాష్ట్రంలో కాదని కేంద్ర హోంశాఖ 1985 ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చింది. దీన్ని ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లింది ఒక తెలుగు కుటుంబమే. తండ్రి ఉద్యోగరీత్యా ఆంధ్ర నుంచి బొంబాయి చేరిన కుటుంబం అది. కొడుకు అక్కడి వైద్య కళాశాలలో తెగ కోటా కింద సీటు అడిగాడు. మర్రి చంద్రశేఖరరావు కేసుగా పేరుపడిన 1990 తీర్పులో కోర్టు కుదరదన్నది. 1994లోనూ 2018లోనూ రాజ్యాంగ ధర్మాసనాలు ఇదే మాటను నిలబెట్టాయి. అయితే వలస వచ్చినవాళ్ల ఇబ్బందిని గమనించి పార్లమెంటు తగిన చట్టం చేయడం గురించి ఆలోచించవచ్చని 1990 తీర్పులోనే ఉంది. 35 ఏళ్లు దాటినా పార్లమెంటు ఆ మాటను పట్టించుకోలేదు.

ఈ నియమాల మధ్య మన ఎనిమిదేళ్ల పిల్ల ఎక్కడ నిలుస్తుంది? పుట్టుకతో తప్ప పెళ్లితో ఎవరికీ తెగ హోదా రాదు, కాబట్టి తల్లికి ఇవతలి కోయ మగవాడిని కట్టుకున్నందుకు ఇక్కడి హోదా రాదు. పిల్లకు మారుటి తండ్రి హోదా రాదు. కన్నతండ్రి హోదా కావాలంటే అతని సర్టిఫికెట్ కావాలి, అతను లేడు. అవతలి రాష్ట్రంలో కొత్తగా తీసుకోవాలంటే 1950 నాటికి ఆ కుటుంబం అక్కడే ఉన్నట్టు చూపాలి. కాగితం లేకపోతే ఊరివాళ్లు చెప్పాలి. ఊరే ఖాళీ అయిపోతే చెప్పేదెవరు? ఈలోగా ఆమెకు ఈ భర్త వల్ల ఇంకో బిడ్డ పుడితే, ఆ బిడ్డకు తండ్రి కాగితంతో ఇక్కడి సర్టిఫికెట్ వస్తుంది. ఒకే గుడిసెలో, ఒకే తల్లి దగ్గర, ఒకే భాష మాట్లాడే ఇద్దరు పిల్లల్లో ఒకరు ఆదివాసీ, మరొకరు ఎవరూ కాదు.

విచిత్రమేమిటంటే మన దరఖాస్తు పత్రాలే దీనికి ఒక దారి చూపిస్తున్నాయి. వలస వచ్చినవారికి సర్టిఫికెట్ ఇచ్చే కేంద్ర నమూనాలో 'తండ్రి/తల్లి'కి ఇచ్చిన సర్టిఫికెట్ ఆధారంగా అని అచ్చు వేసి ఉంది. ఆ గీతకు అటువైపు ఉన్న తల్లిని కౌంటరులో కొట్టేస్తారు. బిడ్డకు తండ్రి కులమే వస్తుందన్నది ఖండించరాని నియమం కాదని, బిడ్డ ఎవరి దగ్గర ఎలా పెరిగిందో చూడాలని 2012 జనవరిలో గుజరాత్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో తల్లి ఆదివాసీ, తండ్రి కాదు. మన పిల్ల విషయంలో తల్లీ ఆదివాసీయే, కన్నతండ్రీ ఆదివాసీయే, మారుటి తండ్రీ ఆదివాసీయే. అయినా కాగితం రాదు!

ఇక్కడ స్థానిక కోయల అభ్యంతరాన్ని తోసిపుచ్చడం సరికాదు. బయటి నుంచి వచ్చినవాళ్లు తెగ పేరుతో తమ వాటా తినేస్తున్నారన్న బాధ ఈ ప్రాంతంలో కొత్తది కాదు. భూమి బదలాయింపు చట్టం 1959లో వచ్చి, 1970లో గట్టిపడ్డాక కూడా, గిరిజనేతరులు ఆదివాసీ స్త్రీలను కట్టుకుని వాళ్ల పేరున భూమి పట్టడం మనమెరిగిందే. పెళ్లిని అడ్డం పెట్టుకుని హక్కులు కాజేయడం చూసినవాళ్లు పెళ్లితో వచ్చిన ప్రతి కాగితాన్నీ అనుమానిస్తారు. అడవి మీద ఒత్తిడి కూడా నిజమే. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13ను గడువుగా పెట్టింది. దాని తర్వాత నరికిన పోడుకు పట్టా రాదు. కానీ ఈ భయాలకు జవాబు ఎనిమిదేళ్ల పిల్లను ఆకలితో ఉంచడం కాదు. రిజర్వేషన్ వాటా వేరు, భూమి వేరు, బియ్యం, బడి, వైద్యం వేరు. మొదటి రెండింటి మీద చర్చ ఎంతకాలమైనా సాగనివ్వండి. మూడోదానికి తెగతోనూ రాష్ట్రంతోనూ సంబంధం ఎందుకుండాలి? అన్నిటినీ ఒకే కాగితానికి కట్టేయడం వల్లే స్థానిక ఆదివాసీ స్త్రీకీ వలస ఆదివాసీ స్త్రీకీ తగవు పుడుతోంది.

అనుమానం ఎంతదూరం పోతుందో 2022 నవంబరులో చూశాం. చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర పోడు వివాదంలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యారు. చేసినవాళ్లకు శిక్ష పడాల్సిందే, అది కోర్టు పని. దాని తర్వాత గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని పంచాయతీ తీర్మానం చేసింది. 'పంపేయండి' అన్నప్పుడు ఎవరిని ఎక్కడికి పంపుతారు? ఇవతలి కోయను కట్టుకున్న స్త్రీ భర్తను వదిలి వెళ్లాలా? ఆమె మొదటి బిడ్డ వెళ్లి, రెండో బిడ్డ ఉండిపోవాలా? సామూహిక శిక్షలు తీర్మానించేవాళ్లు కుటుంబాన్ని మగవాడితో లెక్కపెడతారు. ఆ లెక్కలో ఇలాంటి స్త్రీ ఎటూ తేలదు.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. ఇందులో రాజ్యాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టి ఆచారాన్ని వెనకేసుకొస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. కోయల్లోనూ ఇంటిపేరూ గట్టూ తండ్రి వైపునుంచే వస్తాయి. భూమి కొడుకులకే. మారుమనువు స్త్రీకి స్వేచ్ఛే, కానీ వెంట వచ్చిన బిడ్డ భూమి పంపకంలో వెనకబడుతుంది. అయినా తేడా ఒకటుంది. ఆచారంలో ఆ బిడ్డకు తిండి, పని, పెద్దల ఎదుట మాట్లాడే చోటు ఉన్నాయి. కూతుళ్లకు ఆస్తి ఇవ్వకూడదన్న ఆచారం ఉందని నిరూపించనప్పుడు సమానత్వమే వర్తించాలని 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆచారాన్ని ప్రశ్నించే దారి తెరుచుకుంటోంది. దరఖాస్తు పత్రంలోని గడిని ప్రశ్నించే దారి ఇంకా తెరుచుకోలేదు.

మన చట్టాలకు సవతి బిడ్డ తెలియదా అంటే, బాగా తెలుసు. 2005 గృహహింస చట్టంలో బిడ్డ అంటే దత్తబిడ్డ, సవతి బిడ్డ, పెంపుడు బిడ్డ కూడా అని స్పష్టంగా రాశారు. ఆ చట్టం తెగతో, మతంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తిస్తుంది. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం చేసినప్పుడు సవతి తండ్రి, సవతి తల్లి కూడా తల్లిదండ్రులే అన్నారు. ముసలితనంలో మారుటి తండ్రికి అన్నం పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ బిడ్డ చట్టానికి గుర్తొస్తుంది. చిన్నతనంలో ఆ బిడ్డకు బియ్యం ఇవ్వాల్సి వచ్చినప్పుడు గుర్తుండదు.

ఇది ఆదివాసీ స్త్రీ సమస్య మాత్రమే అనుకునేవాళ్లకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసు చూపించాలి. భర్త చనిపోయిన తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆమె చదువుకున్న స్త్రీ, రెండో భర్త వాయుసేన అధికారి. బిడ్డకు మొదటి తండ్రి ఇంటిపేరే ఉంచాలనీ, కాగితాల్లో రెండో భర్తను రాయాల్సివస్తే సవతి తండ్రి అనే రాయాలనీ హైకోర్టు ఆదేశించింది. 2022 జూలైలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. అలా రాయించడం బిడ్డ మనసు పట్ల దాదాపు క్రూరమైన పని అన్నది. బిడ్డకు సహజ సంరక్షకురాలైన తల్లి ఇంటిపేరును నిర్ణయించగలదన్నది. అంతకుముందు 2015లో, పెళ్లి కాని తల్లి బిడ్డ తండ్రి పేరు చెప్పనక్కర్లేదనీ, అలాంటి తల్లి అఫిడవిట్ ఇస్తే బిడ్డకు పుట్టుక పత్రం ఇవ్వాలనీ అదే కోర్టు చెప్పింది. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టుకు తల్లి పేరు ఒక్కటే ఇచ్చినా చాలు. విమానం ఎక్కే బిడ్డకు తల్లి పేరు సరిపోతున్నప్పుడు ఆశ్రమ పాఠశాల మెట్లెక్కే బిడ్డకు ఎందుకు సరిపోదు?

ఇదంతా చివరికి ఇంట్లో ఆ స్త్రీ బతుకు మీదికే వస్తుంది. తన పేరు, తన బిడ్డ పేరు కార్డులో ఉండాలంటే భర్త వెంట రావాలి. అతను తాగి కొట్టినా ఆమె ఊరుకోవాలి, ఎందుకంటే ఇల్లు వదిలితే ఆమె తిరిగి 'వలస' మనిషి అవుతుంది. అమెరికాలో 1986 సవరణ భర్త చేతికిచ్చిన ఆయుధాన్నే ఇక్కడ ఏ చట్టమూ రాయకుండా తహసిల్దారు ఆఫీసు అలవాటు ఇచ్చేసింది. అక్కడ స్త్రీలు దాన్ని లాక్కోగలిగారు. ఇక్కడ మనం ఇంకా దాన్ని ఆయుధంగా గుర్తించనేలేదు.

చేయాల్సినవి అసాధ్యమైనవేమీ కాదు. మొదటిది, పెళ్లితో వచ్చిన స్త్రీకి ఆమె ఇక్కడి నివాసమే ఆధారం కావాలి. పంచాయతీ, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్త ఆమె ఉంటున్నట్టు చెబితే చాలు, భర్త సంతకం అడగకూడదు. రెండోది, బిడ్డ కాగితం తల్లి కాగితం మీద నిలవాలి. నమూనాలో ఉన్న 'తల్లి' అనే మాటకు ప్రాణం పోస్తూ భద్రాచలం ఐటీడీఏ పరిధిలోని అధికారులందరికీ ఉత్తర్వు వెళ్లాలి. మూడోది, పుట్టుక నమోదు కోసం, పాత సర్టిఫికెట్ల కోసం తల్లి నది దాటనక్కర్లేకుండా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ అధికారులు ఉమ్మడిగా గుంపుల దగ్గరకే వచ్చి రాసుకోవాలి. నాలుగోది, అన్నం, బడి, హాస్టలు, ఆస్పత్రి తెగ సర్టిఫికెట్‌తో ముడిపడకూడదు. ఐదోది, 1990 తీర్పు సూచించిన చట్టాన్ని పార్లమెంటు తేవాలి. హింస వల్ల రాష్ట్రం దాటాల్సి వచ్చిన ఆదివాసీలకైనా ముందు తేవాలి.

ఇది సాధ్యమేనా అంటే, ఒకచోట దారి చూశారు. మిజోరం నుంచి 1997లో పారిపోయి త్రిపుర శిబిరాల్లో తలదాచుకున్న బ్రూ ఆదివాసీలను త్రిపురలోనే స్థిరపరచడానికి 2020 జనవరిలో కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ సంఘాలు కలిసి ఒప్పందం చేసుకున్నాయి. ఇళ్ల స్థలాలు, రేషన్, ఓటరు జాబితాలో పేరు అందులో ఉన్నాయి. అక్కడ రాష్ట్రం గీత దాటినవాళ్లను కొత్తచోట మనుషులుగా ఒప్పుకున్నారు. ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఒప్పుకోవడం లేదు.

స్త్రీల సంఘాలుగా మనం కూడా ఆలోచించుకోవాలి. విదేశీ సంబంధాల్లో మోసపోయిన ఆడపిల్లల కోసం మనం గట్టిగానే మాట్లాడాం, మాట్లాడాలి కూడా. చర్ల సంతలో ఉప్పు కొనుక్కుని గుంపుకు నడిచి వెళ్లే ఈ తల్లిని మాత్రం గిరిజన సమస్య కింద వేరే ఫైలులో పెట్టేశాం. గిరిజన సంఘాలు ఆమెను స్త్రీల సమస్య కింద పెట్టాయి. రేషన్ కార్డులో పేరు చేర్చడం, బిడ్డకు బడి కాగితం ఇప్పించడం పెద్ద ఉద్యమంలా కనిపించకపోవచ్చు. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా దుమ్ముగూడెం, చర్ల, చింతూరు మండలాల్లో ఇలాంటి తల్లులు ఎందరున్నారో, వాళ్ల వెంట వచ్చిన పిల్లలు ఎందరున్నారో మనమే గుంపు గుంపుకూ వెళ్లి రాసుకుందాం. తండ్రి పేరు దగ్గర ఖాళీ వదిలి, తల్లి పేరుతో దరఖాస్తులు నింపి, అందరం కలిసి ఐటీడీఏ ఆఫీసులో ఇద్దాం. తీసుకోనంటే ఏ చట్టం ప్రకారమో రాసిమ్మని అడుగుదాం.